వేట రుచి తెలిసినవాడు

"చంపడానికేముందోయ్, కసాయివాడూ చంపుతాడు," అన్నాడు కోటేశ్వరరావు, తుపాకీ గొట్టాలు గుడ్డతో తుడుస్తూ. "వేట రుచి అది కాదు. వస్తుందో రాదో తెలీకుండా ఊపిరి బిగబట్టుకుని కూర్చోవడం ఉంది చూశావూ, అదీ రుచి."

నూజివీడులో జీపు ఎక్కినప్పటి నుంచి ఇదే పాట. ముసునూరు తోట చేరినా ఆగలేదు. పక్కన కూర్చున్న ప్లీడరు నరసింహం బెజవాడ నుంచి కొత్త కెమెరాతో వచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక వేట చూసినవాడు కాదు. నోరు వెళ్ళబెట్టి వింటున్నాడు.

మామిడితోట కోటేశ్వరరావుదే. చిన్నరసాలు రాలే రోజుల్లో ఏటా ఒక అడవిపందిని కొట్టడం ఆయనకి వ్రతం. కొట్టిన పందిని ముట్టడు. "తినడానికి చంపేవాడిది ఆకలి. నాది వేట," అంటాడు. ఆ మాట అని మీసం దువ్వుకోవడం చూస్తే ఒళ్ళు మండుతుంది.

పందిని చూపించే పూచీ మాత్రం తోట కాపలావాడిది. నిరుడు కాపలా ఉన్న గంగరాజు చూపించలేకపోయాడు. అతిథుల ముందు తల కొట్టేసినట్టయిందని, ఆ పూటే అతని తట్టాబుట్టా పాకలోంచి బయట పడేయించాడు కోటేశ్వరరావు. ఆ పాకలోకి కొత్త కాపలాకి బుచ్చయ్యా, అతని పెళ్ళాం కనకమ్మా వచ్చారు. వచ్చిన రోజే వాళ్ళతో ఒక మాట అన్నాడు.

"మళ్ళీ ఏటికి పంది కనపడాలి బుచ్చయ్యా. ఎట్లా అనేది నాకు చెప్పక్కర్లేదు."

ఇప్పుడు పాకలో వాళ్ళ కూతురు సత్యవతి ఉంది. పురిటికి వచ్చింది, నెలలు నిండాయి. పంది కనపడకపోతే ఆ పురుడు చెట్టు కింద పోయాల్సిందే. కనకమ్మ తెల్లవారుజామునే లేచి గంజి వార్చింది. వార్చి, ఎవరికీ పోయకుండా అలాగే గుమ్మంలో కూర్చుంది.

వెలుగు వచ్చేసరికి ముగ్గురు మగాళ్ళూ తోట చివర కంప చాటున కూర్చున్నారు. అవతల కొండ. ఇవతల రాలిన కాయల మీద ఈగలు. కుళ్ళిన తీపి వాసన.

బుచ్చయ్య నాలుక అంగిలికి కొట్టి టకటకమనిపించాడు. కాసేపాగి మళ్ళీ కొట్టాడు.

"ఏంటది?" అన్నాడు నరసింహం.

"పందుల్ని పిలిచే విద్య," అన్నాడు కోటేశ్వరరావు గుసగుసగా. "అందరికీ పట్టుబడదు."

పొదలు కదిలాయి. పంది బయటికొచ్చింది. నల్లగా, బలంగా, మెడ మీద జూలు నిక్కబొడుచుకుని ఉంది. ఉరకలేదు, బెదరలేదు. ముట్టె పైకెత్తి వాళ్ళున్న కంప వైపే నడిచి వచ్చింది.

"చూశావా పొగరు," అని కాల్చాడు కోటేశ్వరరావు.

గురి తప్పింది. గుండు డొక్కలో తగిలింది. పంది అరిచిన అరుపు మనిషి అరుపులా ఉంది. కొండ వైపు పరిగెత్తుతుందనుకుంటే, పేగులు ఈడ్చుకుంటూ పాక వైపు పరిగెత్తింది. వెనకే తుపాకీ పట్టుకుని ఆయనా, కెమెరా పట్టుకుని నరసింహమూ.

"గాయపడితే మనిషి మీదికే పోతుంది. అదీ దాని పౌరుషం," రొప్పుతూ కూడా చెబుతూనే ఉన్నాడు.

పాక గుమ్మంలో, కనకమ్మ కాళ్ళ దగ్గర కూలబడింది పంది. ఆవిడ కదల్లేదు. రెండో గొట్టం అక్కడే పేలింది. ఆవిడ చీర కుచ్చెళ్ళ మీద నెత్తురు పడింది. లోపల సత్యవతి ఏడుపు. బుచ్చయ్య చెట్టు చాటుకి పోయి వాంతి చేసుకున్నాడు. కాపలావాడికి ఇంత పిరికితనమేంటని నరసింహం నవ్వాడు.

తర్వాత ఫొటో. కోటేశ్వరరావు పంది మీద కాలు పెట్టాడు. దించాడు. భుజం మీది తువ్వాలు తీసి దాని మెడ చుట్టూ కప్పి, మళ్ళీ కాలు పెట్టాడు.

"నెత్తురు పడితే ఫొటో బావుండదు," అన్నాడు.

కెమెరా క్లిక్కుమంది. అప్పటికే కథ లావెక్కింది. పంది తన మీదికి దూకిందట. రెప్పపాటులో తప్పుకున్నాడట. సాయంత్రానికి నూజివీడు క్లబ్బులో అది ఏనుగంత అవుతుంది. ఇంతోటి కథ కోసం ఒక ప్రాణం.

కోతకొచ్చిన కూలీల్లో పోతురాజుకి కత్తి పట్టడం తెలుసు. అతను వాటాలు వేశాడు. జాడ తీసినవాడికి వెనక తొడ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. తొడని విస్తరాకులో పెట్టి కనకమ్మకి అందించాడు.

"మాకొద్దు," అంది.

"అదేంటి వదినా, పురిటి పిల్ల ఉందిగా. బలం."

"వద్దన్నానుగా పోతురాజూ."

పోతురాజు కోటేశ్వరరావు వైపు చూశాడు. "అక్కడ పెట్టు. వాళ్ళ వాటా వాళ్ళదే," అన్నాడాయన, న్యాయమూర్తిలాగా. విస్తరాకు గుమ్మం పక్కన పెట్టేసరికి ఈగలు ముసిరాయి. కనకమ్మ వాటిని తోలలేదు. వార్చిన గంజి తెచ్చి, పంది పడ్డచోట ఒలకబోసి, చీపురు తీసుకుంది.

నరసింహం జీపు ఎక్కాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు.

కోటేశ్వరరావు మాత్రం వెనక్కి వచ్చాడు. కనకమ్మ చీపురు ఆపి, తల వంచుకుని నిలబడింది. పాక ఉంటుందో ఊడుతుందో ఇప్పుడు చెబుతాడు.

"పురుడు ఇక్కడే పోసుకోండి. మీకేం భయం లేదు," అన్నాడు మెత్తగా. ఒకసారి జీపు వైపు చూసి, గొంతు తగ్గించాడు.

"ఈసారి పెంచేదానికి మాత్రం మెడకి తాడు కట్టమాకు కనకమ్మా, ఒరుసుకున్న మచ్చ కనపడిపోతోంది."