కొట్టివేసిన పేర్లు

ఆ రాత్రి నల్గొండలోని మా వారపత్రిక కార్యాలయంలో సంపాదకుడినైన నేను, పేజీలు కూర్చే కోమల ఉన్నాము. మూడవ కుర్చీ పోయిన వారం మరణించిన మర్రిగూడ విలేకరి ఇస్రాయేలుది. అది ఖాళీగా ఉంది.

పందొమ్మిదవ శతాబ్దపు అమెరికా కవి ఒకరు దవాఖానల్లో తిరిగి, గాయపడిన సైనికులను గురించి ఒక్కొక్కరిగా పత్రికలకు రాశారని కొనియాడుతూ నేను వ్యాసం రాశాను. కోమల తీసిన ప్రూఫులో ఆ వ్యాసం కింద పదకొండు పేర్లున్నాయి. అవి ఫ్లోరైడు నీళ్లకు ఎముకలు వంగిన మర్రిగూడ మనుషులవి. ఆరేళ్ల కిందట ఇస్రాయేలు పంపిన వార్తలోంచి, "పేర్లెందుకు, సంఖ్య చాలు" అని నేనే వాటిని కొట్టివేశాను.

"ఇవి ఎందుకు పెట్టావమ్మా?"

"నేను పెట్టలే సార్. గా పేర్లు నాకేం ఎరుక? అప్పుడు నేను బడికి పోతుంటి."

తీసివేయించి మళ్లీ ప్రూఫు తీయించాను. ఈసారి పన్నెండు పేర్లు వచ్చాయి. చివరిది ఇస్రాయేలు.

ఖాళీ కుర్చీ కిర్రుమంది.

"జర ఉండనియ్యిండ్రి సార్," అన్నది కోమల, అటు చూడకుండా.

ఉండనిచ్చాను. నేను కొట్టివేసిన పేర్లను తిరిగి నిలబెట్టినవారు మర్రిగూడ విలేకరి ఇస్రాయేలు గారేనని సంపాదకుడిగా ఇందుమూలంగా అంగీకరిస్తున్నాను.