బరువెక్కిన గూడు

గిజిగాడి ఆస్తి మొత్తం ఒక గూడు, అందులో మూడు గుడ్లు. చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మకు ఆ గూడు వేలాడుతోంది.

గాలివాన వెలిశాక వాడు లోపలంతా తడిమి చూశాడు. ఒక్క చుక్క కూడా కారలేదు.

"కారకపోతే సరా? పైకెళ్లి కొమ్మకు కట్టిన చోట చూడవయ్యా. గాలికి అక్కడేదో తెగిన చప్పుడైంది," అంది పెళ్లాం.

"బరువు చాలక ఊగిందే, అంతే. ఇంకాస్త మట్టి మెత్తితే కదలమన్నా కదలదు. లెక్కలు నాకు చెప్పకు!"

గూడు ఊగకుండా లోపల మట్టి మెత్తడం గిజిగాళ్లందరికీ అలవాటే. వీడు ముద్ద మీద ముద్ద తెచ్చి రెట్టింపు మెత్తాడు. ఆఖరి ముద్దకు, పైన నలిగిన పోచలు పుటుక్కున తెగాయి. గూడు పక్కకు ఒరిగింది. రెండు గుడ్లు జారి చెరువులో పడ్డాయి. మూడోది తడిమట్టికి అతుక్కుని ఆగింది.

ఆడపిట్ట ఏడవలేదు. "ఇప్పుడైనా పైకెళ్తావా?" అంది.

గిజిగాడు ఎక్కి చూశాడు. గూడంతా నాలుగు పోచల మీద నిలిచి ఉంది. తూర్పున మళ్లీ మబ్బు కమ్ముతోంది. ముక్కున మిగిలిన మట్టిని విదిల్చేసి, పచ్చి గడ్డిపోచ కోసం రెల్లుపొద వైపు రెక్కలు విప్పాడు.