ఏడుపు సీను

"ఏడువమ్మా! మొగుణ్ణి పొడిచి చంపారు, కాస్తయినా ఏడువు!" కెమెరా వెనక నుంచి కసిరాడు లింగమూర్తి.

గుడిసె ముందు కూర్చున్న సారక్క కంట్లోంచి చుక్క రాలలేదు. పొద్దున గోదావరిఖనిలో కల్లు దుకాణం వెనక శవం దొరికింది. బొగ్గుబాయి కంపెనీ గుమాస్తా వచ్చి చూసి, "మా గనిలో పనిచేసే రాయమల్లే" అని పోలీసులకు చెప్పాడు. సారక్క ఆ రాయమల్లు భార్య.

భార్య ఏడుస్తున్న ఫోటో తేకపోతే ఇక పత్రికాఫీసు గడప తొక్కొద్దన్నాడు ఎడిటర్. ఒకే ఒక్క సినిమా తీసి ఇల్లు అమ్ముకున్న లింగమూర్తికి మిగిలింది ఈ నేరవార్తల కొలువొక్కటే. పొగరు మాత్రం నిర్మాతగా ఉన్ననాటిదే.

"నా సినిమాలో ఏడుపు సీనుకి హాలు హాలంతా ఏడ్చింది, తెలుసా?"

ఏడ్చిన మాట నిజమే. టికెట్టు కొన్నందుకు ఏడ్చారు.

"నాకు ఏడుపొస్తలేదు సారూ, ఏం జెయ్యాలె?" అంది సారక్క.

అంతలో పక్క గుడిసెలోంచి మల్లక్క వచ్చి దబ్బున కూలబడింది. నోట్లో కొంగు కుక్కుకుని, నేలకేసి తల బాదుకోసాగింది.

"ఎవరీమె?"

"పక్కింటామె సారూ," గబగబా అంది సారక్క. "మా ఊరే."

"పక్కింటామెకి ఇంత ఏడుపా? ఓవరాక్షన్! జరుగమ్మా, ఫోటోకి అడ్డం! మొగుడు పోయినదాని ఏడుపు ఎలా ఉంటుందో నాకు తెలియదా?"

మల్లక్కను రెక్క పట్టి పక్కకు లాగేశాడు. సంచిలోంచి సినిమా రోజుల నాటి గ్లిజరిన్ సీసా తీసి సారక్క కళ్ల కింద రాశాడు. కళ్లు మండి నీళ్లు ధారగా కారాయి. కెమెరా క్లిక్కుమంది.

"ఇదీ అసలైన దుఃఖం!" అని మురిసిపోతూ, సంచి సర్దుకుని బస్సెక్కాడు.

బస్సు మలుపు తిరిగేదాకా చూసి, సారక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. మల్లక్కను గుడిసెలోకి నడిపించుకెళ్లి తలుపు మూసి, గుండెకు హత్తుకుంది.

"గిప్పుడు ఏడువు చెల్లె. కంపెనీకి తెలిస్తే రెండిండ్లూ ఆగమైతయని గింతసేపు నీ నోరు కట్టేస్తి. నా మొగడు రాయమల్లు ఊర్లె నాగలి పట్టుకొని సల్లగున్నడు, కంపెనీ కాగితాల్ల పెండ్లాన్నని నేనీడుంటున్న. ఆయన పేరు మీద నౌకరికి బాయిల దిగినోడు, సచ్చినోడు నీ మొగడాయె."