పులిసిన ట్యాంకు

"అదిగో, టీచరమ్మ మళ్ళీ దిగింది!" అన్నాడు ముగోయా, చక్కెర మిల్లు గేటు దగ్గర కసావా దుంప నములుతూ.

బస్సు దిగి వస్తున్న ఆమె పేరు నైగాగా. ట్యాంకుల్లోకి దిగేవాళ్ళకు జాగ్రత్తలు నేర్పడం ఆమె పని. మిల్లువాళ్ళు పిలవలేదు. ఆమె డబ్బులూ అడగలేదు.

"మీ ట్రైనింగు గడువు ఎప్పుడో దాటిపోయింది. ఒక్క పూట కూర్చోండయ్యా!"

"ఊపిరి పీల్చడం పుట్టినప్పుడే నేర్చుకున్నాం తల్లీ. ఈ ఏడు కొత్త పద్ధతేమైనా వచ్చిందా?" అన్నాడు ముగోయా.

అందరూ ఘొల్లున నవ్వారు.

"ఊరికే నేర్పుతుందట! ఏ లాభం లేకుండా ఎవరొస్తారు?" అన్నాడు మేస్త్రీ టెన్వా.

అప్పుడే లోపల్నుంచి కేక.

"మొలాసిస్ ట్యాంకులో కొత్తోడు పడిపోయాడు! పలకడంలేదు!"

అతను సోమవారమే చేరాడు. పేరు కూడా ఎవరికీ సరిగ్గా తెలియదు.

అందరికంటే ముందు నైగాగా పరిగెత్తింది. ట్యాంకు నిచ్చెన మొదట్లో, రెండు కమ్ములూ పట్టుకుని అడ్డంగా నిలబడిపోయింది.

"ఎవరూ దిగొద్దు!"

"తప్పుకోవే! అది చెరుకు మడ్డి. దాంతో సారా కాచుకు తాగేవాళ్ళం. అందులో విషమేముంది?" అన్నాడు టెన్వా.

"పులిసిపోయింది. లోపల పీల్చడానికి గాలి లేదు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే పడిపోతాడు. మాస్కులేవీ?"

మాస్కులు ఏ గదిలో ఉన్నాయో, తాళం ఎవరి దగ్గరుందో ఒక్కరికీ తెలియదు.

"కింది తూములోంచి ఫ్యానుతో గాలి కొట్టండి! ఫైరింజన్ పిలవండి!"

"అక్కడ మనిషి చచ్చిపోతున్నాడే! నీకు గుండె లేదా?"

ముగోయా ఆమె జుట్టు పట్టి లాగాడు. ఇంకెవరో వేళ్ళ మీద కర్రతో కొట్టారు. వేళ్ళు చిట్లాయి. ఆమె కమ్ములు వదల్లేదు. బెదురుగా, మాటిమాటికీ ట్యాంకు వైపే తిరిగి చూస్తోంది.

"దిగేది మేమైతే నీకెందుకే అంత భయం?" అరిచాడు ముగోయా.

ట్యాంకులోంచి ఏ చప్పుడూ లేదు.

ఎట్టకేలకు ఫైరింజన్ వచ్చింది. మాస్కులు పెట్టుకున్నవాళ్ళు దిగి, అతన్ని పైకి తెచ్చారు. ప్రాణం లేదు.

"ఇంకెవరైనా దిగారా?" అడిగాడు వాళ్ళ పెద్ద.

"ఈమె దిగనివ్వలేదు."

"దిగుంటే ఇప్పుడు నలుగుర్నో అయిదుగుర్నో పక్కపక్కన పడుకోబెట్టేవాళ్ళం."

ముగోయా చేతులు జోడించి ఆమె దగ్గరికెళ్ళాడు.

ఆమె అతన్ని చూడనేలేదు. శవం పక్కన కూలబడి, ఆ మొహానికంటిన మడ్డిని నెత్తురు కారే వేళ్ళతో తుడుస్తోంది.

"ఇంటికెళ్దాం లే నాన్నా... అమ్మనొచ్చాను," అంటోంది.