సాక్షి సంతకం

“ఇక్కడా ఊరి పేరు లేదు నోరా. ‘ఐర్లండ్’ అని మాత్రమే రాశారు,” అంది అర్సులా, చర్చి పెళ్లిళ్ల పుస్తకం మీదికి వంగి.

ఓడెక్కి కెనడా వచ్చిన ముత్తాత మార్టిన్‌ది ఏ ఊరో తెలుసుకోవాలని ఎనభయ్యేళ్ల నోరా పదేళ్లుగా వెతుకుతోంది. పక్కింటి అర్సులా ఎగతాళి చేస్తూనే వెంట తిరుగుతోంది.

“సాక్షి పేరు చదవవే.”

“బ్రిజిడ్ స్లాటరీ, వరుడి అక్క...” అర్సులా కెవ్వుమంది. “నోరా! ఈవిడ మా ముత్తవ్వ!”

“ఆవిడది ఏ ఊరే?”

“కిల్‌మోర్! మా అమ్మ రోజూ చెప్పేది.”

ఇద్దరూ చేతులు పట్టుకుని చర్చిలోనే గిరగిరా తిరిగారు. ఫాదర్ పరుగెత్తుకొచ్చాడు.

“ఏమైందమ్మా?”

“నలభయ్యేళ్లుగా దీనితో పోట్లాడుతున్నాను ఫాదర్,” అంది నోరా రొప్పుతూ. “అంతా మా ఇంటి గొడవేనట!”