తళతళలాడిన స్పాంజి

ఒకానొక గాజుతొట్టిలో ఆక్సలాటిల్ అనే నీటిజీవి ఉండేవాడు. తలకి రెండు పక్కలా విచ్చుకున్న ఎర్రటి మొప్పల కుచ్చులు చూసుకుని తెగ మురిసిపోయేవాడు. మూలనుండి నీళ్ళు శుభ్రం చేసే ఫిల్టర్ స్పాంజిని చూస్తే మాత్రం అతనికి రోత.

"ఏమే, రోజంతా ఆ మూల కూర్చుని ఏం చేస్తావే? ఒళ్ళంతా ఆ జిగురేమిటి?"

"మీరు విసర్జించింది విషమై మిమ్మల్ని చంపకుండా చూసే సూక్ష్మజీవులండీ. కుళాయి నీళ్ళలోని క్లోరిన్ తగిలితే చస్తాయి" అంది స్పాంజి.

"పని ఎగ్గొట్టేవాళ్ళకి సాకులకేం లోటు" అన్నాడు ఆక్సలాటిల్. మూడు రోజులు ఇంటాయన మేతగా వేసిన వానపాముల్ని ముట్టకుండా, స్పాంజి వైపే చూస్తూ మూతి ముడుచుకు కూర్చున్నాడు. మురికి చూసి అలిగాడనుకుని, ఇంటాయన స్పాంజిని కుళాయి కింద పిండి పిండి కడిగాడు.

కడిగిన నాలుగో రోజుకి మొప్పలు భగ్గున మండాయి. కుచ్చులు ముడుచుకుపోయాయి.

"నీళ్ళు అద్దంలా ఉన్నాయి కదే, ఈ మంటేమిటి?"

"విషం కంటికి కనపడదండీ. ఇన్నాళ్ళూ నా పనీ కనపడలేదుగా."

ఇంటాయన రోజూ తొట్టిలో సగం నీళ్ళు తీసేసి, క్లోరిన్ పోగొట్టిన నీళ్ళు పోస్తూ అతని ప్రాణం నిలబెట్టాడు. ఆ నెలంతా ఆక్సలాటిల్ పొద్దున్నే స్పాంజి దగ్గరికి ఈదుకెళ్ళి, ఎంతో మర్యాదగా పలకరించేవాడు.

"ఇవాళ కాస్త మురికిగా కనిపిస్తున్నారండీ. చాలా సంతోషం."