కుందేళ్ల గుమ్మంలో ఎముకలు

నీ వాకిలి ఊడ్చి పక్కవాడి గుమ్మంలో పోస్తావే, సిగ్గు లేదా నీకు? కూర్చుని విను.

ఒక అడవిలో ఆడనక్క రోజూ కుళ్లిన ఎముకలు తెచ్చి కుందేళ్ల బొరియల ముందు పడేసేది. అడవి పంచాయతీ కూర్చుంది.

"ఎవరు వేశారో వాళ్లే పొద్దుగూకేలోగా ఎత్తేయండి. జరిమానా వెయ్యం," అంది పెద్ద తాబేలు.

"నావేనని వాటి మీద రాసుందా, తాతా?" అని నక్క ఎగతాళి చేసింది. ఎత్తితే తప్పు ఒప్పుకున్నట్టేనని తన గుహకు పోయి, అక్కణ్ణుంచి కదలలేదు.

సాయంత్రం దాని పిల్ల కుందేలు పిల్లలతో ఆడుకోవడానికి వెళ్లింది. ఎముకల మీద తల్లి వాసన తగిలింది. అమ్మ తన కోసమే దాచిందనుకుని ఆబగా తినేసింది. ఆ కుళ్లు దాని ప్రాణం తీసింది.

అప్పుడొచ్చింది నక్క ఆ కుప్ప దగ్గరికి. అందరూ చూస్తుండగా, చల్లబడిన బిడ్డను నోట కరుచుకుని వెళ్లిపోయింది.